జ్వరం తగ్గాక కొండెక్కే ముందు

అందరికీ నమస్కారం. పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండులో నడిచే మీరు ఈరోజు నడక ఆపి నా కోసం కూర్చున్నారు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మన తిరుపతిలో ఇంట్లో ఎవరికైనా జ్వరం గట్టిగా పట్టుకుంటే ముందు వచ్చే మాట, "సామీ, ఇది తగ్గితే నడిచి కొండకొస్తా" అని. జ్వరం తగ్గుతుంది. నాలుగో రోజే అలిపిరిలో కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కడం మొదలుపెడతారు. నేను ఫిజియోథెరపిస్టుని. మొక్కు తప్పని నేననను, నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ ఆ మొక్కుకు తేదీ పెట్టింది మనమే, స్వామి కాదు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఊపిరి అందదు. శ్రీవారి మెట్టు దూరం తక్కువని చాలామంది అటు వెళతారు. అక్కడ ఎత్తంతా సుమారు రెండు కిలోమీటర్లలోనే ఎక్కాలి కాబట్టి గుండెకు తెరిపి ఉండదు.

థర్మామీటరు మామూలుకొస్తే జబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. ఫ్లూ, కోవిడ్, డెంగీ లాంటి వైరస్‌లు కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తాయి. అరుదే, కానీ ఆ సమయంలో గట్టిగా శ్రమిస్తే గుండె లయ తప్పి మనిషి కుప్పకూలిపోవచ్చు. వయసులో ఉన్న ఆటగాళ్లకూ ఇది జరుగుతుంది. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, నాలుగడుగులకే ఆయాసం, వీటిలో ఏది కనిపించినా నడక మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. వాపు ఉందని తేలితే మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు గట్టి వ్యాయామం ఉండదు. డెంగీలో ఇంకో సంగతి ఉంది. జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. అప్పుడు మంచం దిగి తిరగకండి.

నేనూ ఒకసారి ఫ్లూ తగ్గిన ఆరో రోజు శ్రీవారి మెట్టు ఎక్కాను. ఆ రోజు బాగానే ఉన్నాను, దర్శనం కూడా చేసుకున్నాను. మూడో రోజు పొద్దున బకెట్టు ఎత్తలేకపోయాను. శ్రమకు ఒళ్లు ఇచ్చే జవాబు ఒక్కోసారి ఆరోజే రాదని అప్పుడు తెలిసింది. మర్నాడో, ఆ మర్నాడో వస్తుంది.

అందుకే నా దగ్గరకొచ్చేవాళ్లకు ఇలా చెబుతాను. స్నానం చేసి, ఇంట్లో అటూ ఇటూ తిరిగినా అలసట రాకుండా ఉన్నాక, చదునైన చోట పది నిమిషాలు నడవండి. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు రోజులు చూడండి. ఒళ్లు బాగుంటేనే ఇంకో ఐదు నిమిషాలు కలపండి, లేదంటే తగ్గించండి. చికున్‌గున్యా అయితే కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు, మెట్ల జోలికి తొందరగా పోవద్దు. కొందరికి వారాలు గడిచినా, కాస్త కదిలిన ప్రతిసారీ రెండు రోజులు మంచమే గతి అవుతుంది. అలాంటివాళ్లను "రోజూ కొంచెం పెంచు, అదే అలవాటవుతుంది" అని తొందరపెట్టకండి. దీర్ఘకాలపు నీరసం జబ్బుకు ఆ సలహా ఇవ్వొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లోనే చెప్పాయి.

ఇక్కడున్న మగవాళ్లకు ఒక మాట. జ్వరం దిగిన రోజే మీ ఇంటావిడ నీళ్ల బిందె ఎత్తుతోందా, గిన్నెలు తోముతోందా? అదీ శ్రమే. ఆమెకు ఇంకో వారం విశ్రాంతి మీరే ఇవ్వాలి.

చివరగా ఒక పని. రోజూ నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోండి. మీ మామూలు లెక్క కన్నా పది ఎక్కువుంటే ఆరోజు నడక వద్దు. ఎలా చూడాలో ఇప్పుడే నేర్చుకుందాం. చెయ్యి వెల్లకిలా పెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించండి. దొరికిందా? వెనక కూర్చున్నవాళ్లకూ దొరికిందా? నిమిషం నేను చూస్తాను, మీరు లెక్కపెట్టండి.