ఆ ఆకులు కాల్చకండి: హైస్కూల్ చెత్త మీద ఫోన్-ఇన్

(హైదరాబాద్, మార్చి మొదటి వారం, ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ నుంచి రాసి తీసింది. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేసి వాళ్లుండే ప్రాంతాలు మాత్రమే ఉంచాం. మేడమ్ ప్రభుత్వ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఇవాళ మన విషయం హైస్కూళ్లలో చెత్త. మేడమ్, నమస్కారం.

మేడమ్: నమస్కారమండి. ఫోన్లు తీసుకునే ముందు ఒక్కటే చెప్తాను, ఇవాళ చాలాసార్లు చెప్తాను కూడా. కలపొద్దు. అన్నం కాగితంలో, ప్లాస్టిక్ కవర్లలో కలిసిందా, ఇక ఆ కాగితం పాత కాగితాలు కొనే కబాడీవాడు తీసుకోడు, ఆ అన్నం ఎరువుకు పనికిరాదు. రెండూ పాడైనట్టే.

యాంకర్: సరే మేడమ్. మొదటి కాలర్ మల్కాజ్‌గిరి నుంచి. హలో?

కాలర్ (మల్కాజ్‌గిరి): నమస్తే మేడమ్. నేను హైస్కూల్ల సోషల్ టీచర్ని. మా ఆవరణల వేపచెట్లు, కానుగచెట్లు ఉన్నయి. ఇప్పుడు ఆకు రాలే కాలం గద, పొద్దున ఊడిస్తే గుట్ట అవుతది. మూలకు ఎత్తి అగ్గి పెడుతున్నరు. పొగంతా తొమ్మిదో తరగతి గదిలకు వస్తది. వద్దంటే, మరి ఎక్కడ పొయ్యాలె సార్ అంటున్నరు.

మేడమ్: ముందు అగ్గిపెట్టె దాచేయండి సార్. ఆ గుట్టలో ఆకులొక్కటే ఉండవు. చిప్స్ కవర్లుంటాయి, పెన్ను రీఫిళ్లుంటాయి, పాలిథిన్ ఉంటుంది. ఆ పొగ ఆకు పొగ కాదు, విషం. క్లాసులో ఆయాసం ఉన్న పిల్ల ఉంటే ఆ రోజంతా ఏం వింటుంది పాఠం? 2016 డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టు, ఉత్తర్వు ఇచ్చింది. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా. ఈ సంగతి మీ హెడ్మాస్టరుకు చెప్పండి.

కాలర్: మరి ఆకులు ఏం జేయాలె?

మేడమ్: గోనె సంచుల్లో కుక్కి, వాన తడవని చోట పెట్టండి. ఎరువు చేసే ఏ బడికైనా అది బంగారం. జూన్, జులైలో ఎండుటాకు కావాలంటే దొరకదు. మీకు అక్కర్లేకపోతే ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళ్తారు.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత మౌలాలి.

కాలర్ (మౌలాలి): హలో, హలో... వినొస్తుందా? మేడమ్ నమస్తే. నేను పీఈటీని, ఆటల టీచర్ని. ఎకో క్లబ్ కూడా నాకే ఇచ్చిన్రు. పోయినేడు గూడ ఒకసారి చేసిన మీ ప్రోగ్రాముకు, లైన్ కలవలే.

మేడమ్: ఇవాళ కలిసింది కదా, చెప్పండి.

కాలర్: మా బడిల నాలుగు వందల ఇరవై మంది పిల్లలు. మధ్యాహ్న భోజనం అయినంక అన్నం, పప్పు, కూర చానా మిగులుతది. పిల్లలు సగం తిని సగం పడేస్తరు, గుడ్డు ఇచ్చిన రోజు పెంకులు వేరే. ఒక దాత నీలం డ్రమ్ము ఇచ్చిండు, రెండు వందల లీటర్లది. పిల్లలు దాని మీద పువ్వులు, చెట్లు అన్నీ పెయింట్ వేసిన్రు. హెడ్మాస్టరు రిబ్బన్ కూడా కట్ చేసిండు. మొదటి వారం మంచిగనే ఉండె. రెండో వారం నుంచి వాసన మేడమ్, ఏం వాసన! మూత తీస్తే తల తిరుగుతది. పురుగులు, తెల్లగ, బియ్యం గింజలంత. పక్కింటి పెద్దమ్మ గోడ మీదికెళ్లి లొల్లి. ఆ పురుగులకు ఏ మందు కొట్టాలె?

మేడమ్: ఏ మందూ కొట్టొద్దు. డ్రమ్ముకు రంధ్రాలున్నాయా?

కాలర్: మూత గట్టిగ బిగించినం మేడమ్, వాసన రావద్దని. ఒక కంపెనీ ఆయన వచ్చిండు, మిషన్ ఉన్నది, కరెంటు మీద ఒక్క రోజుల ఎరువు చేస్తది అన్నడు. లక్షల్ల చెప్పిండు. మేము అంత యాడ తెస్తం...

మేడమ్: సార్, సార్. మిషన్ సంగతి వదిలేయండి. రంధ్రాలున్నాయా లేవా?

కాలర్: లేవు మేడమ్.

మేడమ్: అదే మీ వాసన. లోపల గాలి లేకపోతే అన్నం కుళ్లుతుంది, ఎరువు కాదు. ఎరువు చేసే సూక్ష్మజీవులు గాలి పీలుస్తాయి. గాలి ఆగిందంటే వేరే రకం దూరి కంపు పుట్టిస్తాయి. మూత బిగించిన కొద్దీ వాసన పెరిగింది అవునా?

కాలర్: అవును మేడమ్, అదే చెప్తున్న.

మేడమ్: డ్రమ్ము చుట్టూ, అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రాలు వేయించండి. కింద నాలుగు ఇటుకలు పెట్టి నిలబెట్టండి, కారే నీళ్లు పోవాలి. అడుగున ఓ జానెడు ఎండుటాకు. ఇప్పుడు ముఖ్యమైన మాట వినండి: పప్పు, చారు నీళ్లతో సహా పోయొద్దు. జల్లెడ గిన్నెలో వంపి గట్టిది మాత్రమే వేయాలి. ఒక బకెట్ అన్నానికి కనీసం ఒకటిన్నర బకెట్ ఎండుటాకు. ప్రతిసారీ. పైన ఆకు కప్పకుండా మూత పెట్టొద్దు.

కాలర్: పురుగులకు మందు?

మేడమ్: (కాస్త ఆగి) సార్, మందు వద్దని చెప్పాను. ఆ తెల్లవి ఈగ పిల్లలు. అవి మీ అన్నాన్ని తింటున్నాయి, మిమ్మల్ని కాదు. తడి ఎక్కువైంది, పైన ఆకు లేదు, అందుకే వచ్చాయి. ఆకు కప్పి, తడి తగ్గిస్తే వారంలో తగ్గుతాయి. మందు కొడితే ఆ డబ్బాలో ప్రాణం ఉన్నదంతా పోతుంది, ఎరువు ఎవరు చేస్తారు?

కాలర్: సరే మేడమ్. తడి ఎంత ఉండాలె?

మేడమ్: మంచి ప్రశ్న. చేతికి కవరు తొడుక్కుని లోపల నుంచి గుప్పెడు తీసి పిండండి. ఒకట్రెండు చుక్కలు వేళ్ల మధ్య మెరిస్తే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లు కారితే ఆకు వేయండి. పొడిపొడిగా రాలితే కాస్త నీళ్లు చల్లండి. పిల్లలతో పిండించండి, ఎనిమిదో తరగతి సైన్సులో ఈ పాఠం పుస్తకం కంటే బాగా ఎక్కుతుంది. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది సార్. సరిగ్గా నడుస్తున్న గుట్ట మధ్యలో 55, 60 డిగ్రీల దాకా పోతుంది. నేను పనిచేసిన బడిలో ఒక పిల్లవాడు చెయ్యి పెట్టి, 'టీచర్, లోపల జ్వరం వచ్చింది' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది నాకు.

కాలర్: మాకు చెట్లు లేవు మేడమ్, ఆకు యాడికెళ్లి తేవాలె?

మేడమ్: ఇందాక మల్కాజ్‌గిరి సారు చెప్పారు కదా! కాల్చేస్తున్నారట. ఆ సారు నంబరు యాంకర్ గారి దగ్గరుంటుంది. మీకు పక్కనే. ఇద్దరి కష్టమూ ఒక్కసారే తీరుతుంది.

యాంకర్: తప్పకుండా ఇస్తాం. సార్, ఇక లైను...

కాలర్: ఒక్క నిమిషం. ఒక్క డ్రమ్ము చాలుతదా?

మేడమ్: చాలదు. మూడు పెట్టుకోండి. ఒకటి నిండాక వదిలేసి, వారానికోసారి కలియబెడుతూ రెండోదానికి పోవాలి. మొదటిది నల్లగా, మట్టి వాసన వచ్చేదాకా దాదాపు రెండు నెలలు పడుతుంది. తొందరపడొద్దు.

యాంకర్: థాంక్యూ. ఉప్పల్ నుంచి, చెప్పండమ్మా.

కాలర్ (ఉప్పల్): మేడమ్, మా బాబు ఏడో తరగతి. క్లాసుల అల్లరి చేసిండని టీచరమ్మ గ్రౌండ్ మొత్తం కవర్లు ఏరిపిచ్చిందంట. ఇది పద్ధతేనా?

మేడమ్: కాదమ్మా. చాలా తప్పు. చెత్త ఎత్తడం శిక్ష అని పిల్లవాడికి నేర్పితే, రేపు బడి ఊడ్చే ఆయమ్మను చూసి ఏమనుకుంటాడు? ఆమె ఏదో తప్పు చేసి శిక్ష అనుభవిస్తోందనుకుంటాడు. అందరూ వంతులవారీగా ఎత్తాలి, టీచర్లతో సహా. హెడ్మాస్టర్ వంగి ఒక్క కవరు ఎత్తితే పదిమంది పిల్లలు ఎత్తుతారు. మీరు వెళ్లి మర్యాదగా మాట్లాడండి, గట్టిగా మాట్లాడండి.

యాంకర్: తర్వాతి కాలర్... చిన్నపాపలా ఉంది. ఎక్కడి నుంచమ్మా?

కాలర్ (బోరబండ): నమస్తే మేడమ్. నేను తొమ్మిదో తరగతి. పేరు చెప్పను.

మేడమ్: చెప్పక్కర్లేదు బిడ్డా. అడుగు.

కాలర్: మా బడిల బాత్రూంల డబ్బా లేదు మేడమ్. అంటే... ఆడపిల్లలకు... ప్యాడ్లు పారేసుకోనికి. కొంతమంది కిటికీ మీద పెడుతరు, కొంతమంది లోపల నీళ్లు పోసి పంపిస్తరు. అది జామ్ అయి నీళ్లు పైకొచ్చినయి. అందరం తిట్లు తిన్నం.

మేడమ్: ఇది నువ్వు అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది. తప్పు మీది కాదు, డబ్బా పెట్టని పెద్దలది. ప్యాడ్ లోపల ఒక పొడి ఉంటుంది, నీళ్లు తగలగానే జిగురులా ఉబ్బుతుంది. అందుకే పైపు మూసుకుపోతుంది. ఎప్పుడూ నీళ్లలో వదలొద్దు. పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో ఒక గుర్తు పెట్టి, మూత ఉన్న డబ్బాలో వేయాలి. కాలితో నొక్కితే తెరుచుకునే డబ్బా అయితే ఇంకా మేలు. ఆ చుట్టిన పొట్లం మామూలు చెత్తలో కలపొద్దు, ఎత్తేవాళ్ల చేతికి తెలియాలి కదా అందులో ఏముందో. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే చెప్పారు, చుట్టి విడిగా ఇవ్వాలని.

కాలర్: మిషన్ పెడతరంట మేడమ్, కాల్చేది.

మేడమ్: గోడకు తగిలించే చిన్న మిషన్ గురించి నాకు భయమే. 800 డిగ్రీలు దాటని వేడిలో ఆ ప్లాస్టిక్ సరిగా కాలదు, బాత్రూంలోనే పొగ నిండుతుంది. ముందు డబ్బా అడుగు. మీ క్లాస్ టీచరు ఆడవాళ్లేనా?

కాలర్: అవును మేడమ్.

మేడమ్: నలుగురు కలిసి వెళ్లండి. ఒక్కదానివే వెళ్లొద్దు. ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చుట్టడానికి పాత పేపర్లు కూడా బాత్రూంలోనే ఒక మేకుకు వేలాడదీయమని రాయండి. సరేనా తల్లీ?

కాలర్: సరే మేడమ్. థాంక్యూ మేడమ్.

యాంకర్: నెక్స్ట్ కూకట్‌పల్లి.

కాలర్ (కూకట్‌పల్లి): ప్రైవేట్ స్కూల్లో అడ్మిన్ చూస్తానండి. మేము మూడు రంగుల డబ్బాలు పెట్టాం. కానీ వచ్చే బండివాడు అన్నీ ఒకే దాంట్లో వేసేసుకుంటాడు. పిల్లలు అది చూసి, 'ఎందుకు సార్ మాకు ఈ పని' అంటున్నారు.

మేడమ్: బండి వచ్చేసరికి మీ దగ్గర కలవడానికి ఏమీ మిగలకూడదు. తడి మీ ఆవరణలోనే ఎరువు చేయండి. కాగితం, అట్టలు, పాల ప్యాకెట్లు, సీసాలు నెలకోసారి కబాడీకి అమ్మండి, ఆ డబ్బు పిల్లల లైబ్రరీకి ఇవ్వండి. ప్యాడ్లు విడిగా పోను, మిగిలేది చిప్స్ కవర్లు, కాసిని తుక్కు. అది ఒక్క సంచి. బండివాణ్ణి తిట్టి లాభం లేదు, ఆయన ఎండలో వచ్చి ఎన్ని ఇళ్లు తిరగాలి. మన చెత్త చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు ఉంది, నిజమే. కానీ తడి అన్నం మండదండి. మనం కలిపి పంపితే అక్కడ కుళ్లి, నల్లటి నీళ్లు కారి, చుట్టుపక్కల ఉండేవాళ్లకు శాపం అవుతుంది. మీ బడి విస్తీర్ణం ఎంత?

కాలర్: రెండెకరాలు దాటుతుంది మేడమ్.

మేడమ్: 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని ఆ 2016 నియమాల్లోనే చెప్పారు. మీరు రెండు ఎకరాలంటే ఆ లెక్క దాటేశారు. చోటు లేదన్న సాకు మీకు లేదు.

కాలర్: చిప్స్ కవర్లు కబాడీ వద్దంటున్నాడు...

మేడమ్: లోపల వెండిలా మెరుస్తుంది చూశారా, అది ప్లాస్టిక్, లోహం పొరలు అతికించింది. విడదీయలేరు, అందుకే కొనడు. అది సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో ఇంధనంగా వాడతారు, అది కూడా విడిగా, శుభ్రంగా ఇస్తేనే. అసలు గేటు దగ్గర అమ్మకుండా చూడండి. బెల్లం పల్లీ ముద్దలు, ఉడికించిన శనగలు, జామకాయలు పెట్టించండి. వార్షికోత్సవాలకు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, థర్మాకోల్ అలంకరణ, ఇవన్నీ 2022 జులై 1 నుంచి నిషేధం. ఇంకా వాడే బడులున్నాయి, నేను వెళ్లిన ఒక ఫంక్షన్లో స్టేజీ మొత్తం థర్మాకోలే. మనసు కష్టపడింది.

యాంకర్: మేడమ్, టైము తక్కువుంది. మెహదీపట్నం, త్వరగా.

కాలర్ (మెహదీపట్నం): ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు మేడమ్. ల్యాబుల గూడ పగిలిన గాజు ఉంటది.

మేడమ్: ట్యూబ్‌లైట్ పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది. అట్టపెట్టెలో పెట్టి విడిగా ఇవ్వాలి. గాజు, బ్లేడు, గుండుసూదులు ఒక గట్టి డబ్బాలో మూత వేసి, పైన 'గాజు' అని రాయండి. మా ఆయమ్మ అరచేతిలో బ్లేడు దిగి, మూడు కుట్లు పడ్డాయి. ఏ పిల్లో కాగితాల్లో వేసింది. అందుకే అంటున్నాను, కలపొద్దు.

కాలర్: ఇంకొకటి, పెన్నులు...

యాంకర్: సారీ సార్, ఇంకో కాలర్ ఉన్నారు. హలో?

కాలర్: హలో మేడమ్, నేనే, మౌలాలి.

యాంకర్: సార్, మీరు మళ్లీ...

మేడమ్: పర్వాలేదు, చెప్పనివ్వండి.

కాలర్: మల్కాజ్‌గిరి సారుతోటి మాట్లాడిన మేడమ్. పన్నెండు సంచులు ఇస్తనన్నడు. ఆటో మాట్లాడుకుంటున్న. డ్రమ్ముల ఉన్న పాతది పారెయ్యాలెనా?

మేడమ్: అయ్యో, పారేయొద్దు! ముందు తడి కారనిచ్చి, ఆకు కలిపి తిరగేయండి. ఒక చెంబు పుల్లమజ్జిగలో నీళ్లు కలిపి చల్లండి. మూణ్నాలుగు రోజులకు వాసన తగ్గుతుంది.

కాలర్: పురుగులకు మందు...

మేడమ్: సార్!

కాలర్: వద్దు, వద్దు, గుర్తుంది మేడమ్. మూత ఎట్ల పెట్టాలె?

యాంకర్: అయిపోయింది సార్, టైము...

మేడమ్: వదులుగా పెట్టండి. గాలి పోయేంత. పెద్దమ్మకు మొదటి ఎరువు మీరే ఇవ్వండి, ఆమె తులసికుండీకి.