2020ని వరంగల్ నుంచి చూస్తే

(హన్మకొండలో పీజీ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం 'మహమ్మారి ఏడాదిలో దేశం'. జనవరి నుంచి డిసెంబర్ దాకా ఒక్కో నెలా చెప్పుకుంటూ పోతే చాలు సార్ అని ఫోన్‌లో అన్నారు. ఆ పని మీ చేతిలోని సెల్‌ఫోన్ నాకంటే బాగా చేస్తుంది. పైగా మీలో చాలామంది అప్పుడు పదో తరగతి. మార్చి 19న పరీక్షలు మొదలై, మూడు పేపర్లు కాగానే ఆగిపోయి, జూన్ 8న ఐదు లక్షల ముప్పై నాలుగు వేల పైచిలుకు మంది ఒక్క ప్రకటనతో పాసైపోయిన బ్యాచ్ మీది. 'కరోనా బ్యాచ్' అని మిమ్మల్ని ఇప్పటికీ ఆటపట్టిస్తారట. పట్టించుకోకండి. ఆ ప్రకటన వినగానే ఎగిరి గంతేసిన తల్లిదండ్రులను నేను చాలామందినే చూశాను.

కాబట్టి ఆ ఏడాదిని ఢిల్లీ వైపు నుంచి కాకుండా మన వైపు నుంచి చెబుతాను. మిరప, వడ్లు, గోనె సంచులు. ఈ మూడు చాలు.

ముందు మేడారం సంగతి చెప్పుకోవాలి. దేశంలో మొదటి కేసు జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో బయటపడింది. వుహాన్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చిన వైద్య విద్యార్థిని ఆమె. సరిగ్గా ఆరు రోజులకు, ఫిబ్రవరి 5న, సమ్మక్క సారలమ్మ జాతర మొదలైంది. నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా వచ్చారని అధికారుల అంచనా. అక్కడ ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్లు దుమ్ముకు కట్టుకున్నవాళ్లే. జాతర నెల రోజులు ఆలస్యంగా పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా మనసొప్పదు. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు వచ్చింది. నెల మధ్యలో కరీంనగర్‌లో, ఢిల్లీ నుంచి రైల్లో వచ్చి రామగుండంలో దిగిన పదిమంది ఇండోనేషియన్లకు పాజిటివ్ తేలింది. ముకరంపురా చుట్టుపక్కల వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. ఆ పని మాత్రం మెచ్చుకోవాలి, కరీంనగర్ తొందరగానే తేరుకుంది. ఆ వెంటనే దేశమంతా ఒక మతం మీద మొదలైన నిందను మాత్రం మెచ్చుకోలేం. తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ తరఫున వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని బాంబే హైకోర్టు ఆగస్టులో అన్నది. అప్పటికి టీవీ చర్చలు వేరే విషయానికి మళ్లాయి.

మార్చి 22 జనతా కర్ఫ్యూ. దేశమంతటా పద్నాలుగు గంటలైతే మన రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటలు. సాయంత్రం ఐదింటికి చప్పట్లు, పళ్లేలు. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్. అంటే దేశానికి నాలుగు గంటల టైమ్ ఇచ్చారు. అప్పటికే ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. కాజీపేట జంక్షన్‌లో రాత్రీ పగలూ వినిపించే అనౌన్స్‌మెంట్లు లేవు. గూడ్స్ బండ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పనుంది.

మార్చి ఆఖరంటే మనకు మిర్చి సీజన్. ఏనుమాముల మార్కెట్‌కు ఎర్రగా బస్తాలు దిగే రోజులు. మార్కెట్ మూతపడింది. కల్లంలో ఆరబెట్టిన కాయను ఏం చేయాలో తెలియక కొందరు కోల్డ్ స్టోరేజీల ముందు ట్రాక్టర్లు నిలబెట్టుకున్నారు. రైతు కష్టం గురించి పేపర్లు రాశాయి, రాయాల్సిందే. ఆ కాయను చెట్టు నుంచి ఏరినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఏప్రిల్ 18 దాకా.

ములుగు, భూపాలపల్లి వైపు మిరప తోటలున్నవాళ్లు ఇక్కడ కొందరైనా ఉంటారు. మీకు తెలుసు, ఏరుడు మొదలైతే ఊరి కూలీలు చాలరు. గోదావరి అవతల నుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు వస్తాయి. మేస్త్రీ మాట్లాడుకుని తీసుకొస్తాడు. చేను పక్కనే గుడిసెలు వేసుకుంటారు. రెండు మూడు నెలలుంటారు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. మేస్త్రీ జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటుంది, అంతే.

ఏప్రిల్ 14న లాక్‌డౌన్‌ను మే 3 దాకా పొడిగించారు. ములుగు జిల్లా పేరూరులో మిరప ఏరుతున్న ఒక బృందం ఇక ఆగలేక ఇంటిదారి పట్టింది. రోడ్డు మీద పోలీసులుంటారని అడవి దారిన నడిచారు. మూడు రోజులు, వంద కిలోమీటర్లకు పైగా. ఆ బృందంలో పన్నెండేళ్ల పిల్ల ఉంది. సొంత ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. టెస్టు చేస్తే కరోనా నెగెటివ్. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోయి, అలసిపోయి పోయిందన్నారు డాక్టర్లు.

ఆ వార్త దేశమంతా చదివింది, లాక్‌డౌన్ క్రూరత్వం అన్నది. నిజమే. నాకు దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పన్నెండేళ్ల పిల్ల మన తోటలో ఏం చేస్తోంది? పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టకూడదని చట్టం ఉంది. 1979 నుంచి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూడా ఉండేది. ఐదుగురు, అంతకు మించి కూలీలను వేరే రాష్ట్రం నుంచి తెచ్చే కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలి, పేర్లు నమోదు కావాలి, రానుపోను ఖర్చులు ఇవ్వాలి. ఒరిస్సా నుంచి కూలీలను గుంపులుగా తరలించి అన్యాయం చేస్తుంటే తెచ్చిన చట్టమది. అది అమలై ఉంటే ఆ బృందం పేరూరులో ఉన్న సంగతి ఒక్క ఆఫీసుకైనా తెలిసేది. అదే 2020 సెప్టెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేసి, ఐదుగురన్న చోట పదిమంది అని రాసింది. వలస కూలీల కష్టాన్ని దేశం కళ్లారా చూసిన ఏడాదిలోనే ఇది జరిగింది. దీని మీద మీలో ఎవరైనా ప్రాజెక్టు చేస్తే చదవాలని ఉంది.

ఇక వడ్లు. ఆ యాసంగి పంట విరగపండింది. ప్రతి గింజా ఊళ్లోనే కొంటామని ప్రభుత్వం చెప్పి, ఏడు వేలకు పైగా కేంద్రాలు తెరిచింది. ఏ గ్రేడ్ క్వింటాలుకు 1,835 రూపాయలు. తాలు పేరుతో, తరుగు పేరుతో కోతలు పడ్డాయని రైతులు గొడవ చేశారు, అది వేరే కథ. కొన్న వడ్లు మిల్లుకు పోవాలి కదా, అక్కడ చిక్కొచ్చింది. పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ మిల్లుల్లో బస్తాలు దింపే హమాలీలు ఎక్కువగా బిహారీలు. మార్చిలో హోలీకి ఇంటికి పోయారు. అక్కడే ఇరుక్కుపోయారు. లారీలు మిల్లుల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. అన్ని బస్తాలు బిహార్ భుజాల మీద దిగుతున్నాయని మనలో చాలామందికి అప్పుడే తెలిసింది.

మే 1న, కార్మికుల దినం నాడు తెల్లవారుజామున, దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన రాష్ట్రం నుంచే బయల్దేరింది. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు. సంగారెడ్డి దగ్గర ఐఐటీ భవనాలు కడుతున్న పన్నెండు వందల మంది కూలీలు అందులో ఉన్నారు. మమ్మల్ని ఇంటికి పంపండని రెండు రోజుల ముందే వాళ్లు రోడ్డెక్కారు. పోలీసుల మీద రాళ్లు కూడా పడ్డాయి. అప్పుడు గానీ రైలు రాలేదు. వారం తిరిగేసరికి, మే 8న, ఎదురు దిశలో ఇంకో రైలొచ్చింది. బిహార్‌లోని ఖగరియా నుంచి రెండు వందల మందికి పైగా రైస్ మిల్లు హమాలీలను తెచ్చి లింగంపల్లిలో దింపింది. పూలిచ్చి స్వాగతం చెప్పి, బస్సుల్లో జిల్లాలకు పంపారు. అదే రోజు తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర, రైళ్లు నడవట్లేదనుకుని పట్టాల మీద పడుకున్న పదహారు మంది కూలీల మీది నుంచి గూడ్స్ బండి పోయింది.

ఇంతకు ముందు గుర్తుంచుకోమన్నది ఇందుకే. రైలు ఎవరికోసం ఆగింది, ఎవరికోసం నడిచింది అన్నది ఆ ఏడాది రోగం ఒక్కటే తేల్చలేదు, అవసరం కూడా తేల్చింది. కూలీకి ఇల్లు కావాల్సి వచ్చినప్పుడు ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. మనకు కూలీ కావాల్సి వచ్చినప్పుడు అధికారులు ఉత్తరాలు రాశారు, ముఖ్యమంత్రి మాట్లాడారు, బండి వచ్చింది. వడ్లు తడిసిపోతే రైతు మునిగేవాడు, కాబట్టి ఆ రైలును నేను తప్పుపట్టను. ఆ పలుకుబడి రెండో వైపు ఎందుకు పనిచేయలేదన్నదే నా ప్రశ్న.

వడ్ల వెంటే గోనె సంచులు. బెంగాల్‌లో జనపనార మిల్లులు మూతపడటంతో ఇక్కడ గన్నీ బ్యాగుల కొరత వచ్చింది. రేషన్ డీలర్ల దగ్గరి ఖాళీ సంచులు కూడా పోగుచేశారు. గోనె సంచులనగానే వరంగల్ వాళ్లకు గొర్రెకుంట గుర్తొస్తుంది. మే 21, 22 తేదీల్లో, అక్కడి గన్నీ సంచుల గోదాం పక్కన ఉన్న పాడుబావిలోంచి తొమ్మిది శవాలు తీశారు. ఒక బెంగాలీ కుటుంబం, వాళ్ల దగ్గరి వాళ్లు, ఇద్దరు బిహారీ యువకులు. మొదటి రోజు ఊరంతా అనుకున్నది ఒక్కటే, పనిలేక, తిండిలేక దూకారని. తరవాత పోలీసులు అది హత్య అని తేల్చారు. అంతకు ముందు చేసిన ఒక హత్యను దాచుకోవడానికి ఒక్కడే చేశాడని. అక్టోబర్‌లో వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది.

కేసు సంగతి అలా ఉంచండి. ఆ మొదటి రోజు అనుమానం నన్ను వదల్లేదు. తొమ్మిది మంది ఆకలితో బావిలో దూకారంటే మనం వెంటనే నమ్మాం. నమ్మగలిగేలా ఉంది అప్పటి పరిస్థితి. ఇంకో విషయం. ఆ కుటుంబం వరంగల్‌కు వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. పేపర్లన్నీ 'వలస కూలీలు' అనే రాశాయి. ఎన్నేళ్లుంటే మనవాళ్లవుతారు? అదే గీసుగొండ మండలంలో, సంగెం మండలాన్ని కలుపుకుని, 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ఎందుకంటే ఆజంజాహి మిల్లు మూతపడి, మగ్గాలు ఆగి, మన పద్మశాలీలు సూరత్‌కు, భివండీకి వలసపోయారు, వాళ్లను వెనక్కి తేవాలని. అంటే వలస బాధ తెలియని ఊరు కాదు మనది. జగిత్యాల, సిరిసిల్ల వాళ్లయితే ఆ మే నెలలోనే గల్ఫ్ నుంచి వందే భారత్ విమానం ఎక్కడానికి ఎంత పైరవీ చేశారో చెబుతారు.

మిగతా ఏడాది త్వరగా చెప్పేస్తాను. జూన్ 15న గల్వాన్ లోయలో ఇరవై మంది సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. జూన్ 28న పీవీ శతజయంతి ఉత్సవాలు మొదలయ్యాయి, ఆయన పుట్టిన లక్నేపల్లి ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆగస్టు 5న అయోధ్యలో భూమిపూజ. ఆగస్టు మధ్యలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. నాలాలు ఆక్రమించామని ఆ వారమంతా మాట్లాడుకున్నాం, తరవాత మర్చిపోయాం. ప్రణబ్ ముఖర్జీ పోయారు, ఎస్పీ బాలు పోయారు. అధిక మాసం వల్ల ఎంగిలిపూల బతుకమ్మకూ సద్దులకూ మధ్య నెల రోజుల ఎడం వచ్చింది. రామప్ప గుడి విషయం తేలాల్సిన యునెస్కో సమావేశం కూడా వాయిదా పడింది, గుర్తింపు 2021 జులైలో వచ్చింది. నవంబర్‌లో దుబ్బాక ఉప ఎన్నిక, 1,079 ఓట్ల మెజారిటీ.

సెప్టెంబర్ పార్లమెంటు సమావేశాల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. వ్యవసాయ బిల్లులను రాజ్యసభలో మూజువాణి ఓటుతో దాటించారు. దాదాపు ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జనం గుమికూడలేని రోజుల్లో పెద్ద నిర్ణయాలు తీసుకుంటే జరిగేది అదే. ఆ సమావేశాల్లోనే, వలస కూలీలు ఎంతమంది చనిపోయారని రాతపూర్వకంగా అడిగితే కార్మిక శాఖ ఆ వివరాలు లేవని జవాబిచ్చింది. ఎంతమంది ఇళ్లకు తిరిగిపోయారన్న లెక్క మాత్రం ఉంది. కోటీ నాలుగు లక్షలు.

ఆ ఏడాదంతా మనం రోజూ ఆరోగ్య శాఖ బులెటిన్ కోసం ఎదురుచూశాం. ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు. మన రాష్ట్రంలో టెస్టులు తక్కువ చేస్తున్నారని హైకోర్టు పలుమార్లు చీవాట్లు పెట్టింది. దేశం మొత్తం మీద ఆ ఏడాది చివరికి కరోనా మరణాలు లక్షా నలభై ఎనిమిది వేలన్నారు. ఇప్పుడు జనన మరణాల రిజిస్ట్రేషన్ లెక్కలు చూడండి. అన్ని కారణాల మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. 2021 అంకె బయటికి వచ్చింది 2025 మే నెలలో. రిజిస్ట్రేషన్ మెరుగైంది కాబట్టి కొంత పెరిగిందనే వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలు పెరగడానికి ఆ వాదన చాలదని నా అభిప్రాయం.

ఇంకో లెక్క అసలు మొదలే కాలేదు. 2020 ఏప్రిల్ 1న ఇళ్ల గణన మొదలై, 2021లో జనగణన కావాలి. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పని గణన అది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు, 1941లో కూడా చేశారు. 2020లో ఆగింది. అందుకే ఈ రోజుకీ మన రేషన్ కోటాలు 2011 జనాభా మీదే నడుస్తున్నాయి. కొత్త గణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అని 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అంటే మన దగ్గర మనుషులను లెక్కపెట్టేది అంతకు ముందు ఫిబ్రవరిలో.

ఫిబ్రవరిలో ములుగు తోటల్లో మిరప ఏరుతుంటారు. బీజాపూర్ నుంచి వచ్చినవాళ్లు అప్పుడు సొంత ఊళ్లో ఉండరు, మన చేల పక్కన గుడిసెల్లో ఉంటారు. ఎన్యూమరేటర్లుగా వెళ్లేది ఎక్కువగా టీచర్లే. మీ ఇళ్లలో, మీ బంధువుల్లో టీచర్లుంటారు. ఊళ్లో ఇళ్ల జాబితా చూసుకుని తిరిగి వచ్చేస్తారా, చేలగట్ల మీదుగా ఆ గుడిసెల దాకా పోతారా అని ఇప్పుడే అడగండి. గోండి, కోయ మాట్లాడగలిగిన వాళ్లు మీలో ఉంటే వాళ్ల వెంట వెళ్లండి, టీచర్లకు ఆ భాష రాదు.

నా టైమ్ అయిపోయిందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ముందు అటువైపు కూర్చున్న మిర్చి రైతుల పిల్లలు అడగాలి.