నాలుగు వాయిస్‌లా, 128 వాయిస్‌లా?

నమస్కారం అండీ. మొన్న తమ్ముడిలాంటి కుర్రాడొకడు నాకు రెండు సింథ్‌ల (సౌండ్‌ని కరెంటుతో తనే పుట్టించే కీబోర్డ్‌ల) ఫోటోలు పంపాడు. రెండూ ఇంచుమించు ఒకటే రేటు. ఒకదానికి నాలుగే వాయిస్‌లు, కానీ పైనంతా నాబ్‌లే. రెండోదానికి 128 వాయిస్‌లు, వేలకొద్దీ ప్రీసెట్‌లు (ముందే చేసి పెట్టిన సౌండ్‌లు), చిన్న స్క్రీన్, నాలుగైదు బటన్‌లు. "ఇందులో ఆలోచించడానికేముంది అన్నా, రెండోదేగా?" అన్నాడు. ఉందిరా, చాలానే ఉంది అన్నాను.

ముందు ఈ వాయిస్‌ల లెక్క చూద్దాం. ఒకేసారి ఎన్ని నోట్‌లు మోగగలవన్నదే ఆ సంఖ్య. నాలుగు వాయిస్‌ల సింథ్ మీద ఎడమచేత్తో ఒక బేస్ నోట్ పట్టుకోండి. కుడిచేత్తో మూడు నోట్‌ల కార్డ్ వేయండి. నాలుగూ అయిపోయాయి. రిలీజ్ బాగా పెంచారనుకోండి, అంటే కీ వదిలాక కూడా సౌండ్ మెల్లగా సన్నగిల్లుతూ ఉంటుంది. ఇప్పుడు రెండో కార్డ్‌కి వెళ్లండి. విన్నారా? పాత కార్డ్ తోక టక్కున తెగిపోయింది. కొత్త నోట్‌లకు చోటివ్వడానికి మెషిన్ పాతవాటి గొంతు నొక్కేసింది. దీన్ని వాయిస్ స్టీలింగ్ అంటారు. పొడుగ్గా సాగే ప్యాడ్ సౌండ్‌లు వాయించేవాళ్లకు ఇది నరకం.

అదే బేస్ లైన్‌లు, లీడ్‌లే (ఒక్కో నోట్‌గా వాయించే ట్యూన్‌లే) మీ పనైతే ఒక్క వాయిస్ చాలు. 1970లో వచ్చిన మినీమూగ్‌కి ఉన్నది అదే. చేసిన సౌండ్ దాచుకోవడానికి మెమరీ కూడా లేదు, ఏ నాబ్ ఎక్కడుందో కాగితం మీద గీసుకోవాల్సిందే. అయినా మూడు ఆసిలేటర్‌లు, అంటే సౌండ్ పుట్టించే భాగాలు, కలిపి అది ఇచ్చే బేస్‌ని సాఫ్ట్‌వేర్‌లు ఇప్పటికీ అనుకరిస్తూనే ఉన్నాయి.

అలాగని 128 దండగ అనను. పియానో సౌండ్ మీద స్ట్రింగ్స్ (వయొలిన్‌ల) సౌండ్ కలిపి, నోట్‌లను సాగదీసే సస్టెయిన్ పెడల్ తొక్కి రెండు చేతులా వాయిస్తే ఒక్కో నోటుకే రెండు మూడు వాయిస్‌లు ఖర్చవుతాయి. అప్పుడు ఆ పెద్ద నంబర్ మీకు నిజంగానే పనికొస్తుంది.

అసలు పేచీ వేరే చోట ఉంది. ఫీచర్ ఉండటం ఒకటి, అది చేతికి అందడం ఇంకొకటి. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. 16 వాయిస్‌లు, ఒక్కోదానికి ఆరు ఆపరేటర్‌లు (సౌండ్‌ని కట్టే భాగాలు), కీ ఎంత గట్టిగా కొట్టామో కూడా పసిగట్టేది. కానీ సౌండ్ మార్చాలంటే చదును బటన్‌లు నొక్కుతూ, ఒకే స్లైడర్‌తో, ఒక్కో విలువా సరిచేసుకోవాలి. చాలామంది కంపెనీ ఇచ్చిన సౌండ్‌లతోనే సరిపెట్టుకున్నారు. మరుసటి ఏడాది రోలండ్ జూనో-106 వచ్చింది. ఆరే వాయిస్‌లు, వెలాసిటీ (కీ ఎంత గట్టిగా కొట్టామో పసిగట్టడం) కూడా లేదు. కాగితం మీద చూస్తే డీఎక్స్7 ముందు తేలిపోతుంది. కానీ ఒక్కో స్లైడర్‌కి ఒక్కో పని. ఫిల్టర్ కటాఫ్ (సౌండ్‌లో పదును ఎంత ఉండాలో చెప్పేది) పైకి తోస్తే సౌండ్ తెరుచుకుంటుంది, కిందికి లాగితే మూసుకుంటుంది. సింథసిస్ నేర్చుకునేవాళ్లకు నేనైతే జూనో తరహాదే ఇస్తాను.

ఈ బుద్ధి నాకూ ముందే లేదు లెండి. నా మొదటి సింథ్‌ని సీక్వెన్సర్ (నోట్‌లు గుర్తుంచుకుని తనే వాయించేది) చూసి మురిసిపోయి కొన్నాను. దాన్ని రెండుసార్లు వాడానేమో. రోజూ తగిలింది మాత్రం ఆ సన్నటి కీలు. నా వేళ్లు పక్క కీ మీద పడుతూనే ఉండేవి. అడాప్టర్ కూడా పెట్టెలో రాలేదు, అది విడిగా కొన్నాను. పెడల్, స్టాండ్, సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్... ఇవన్నీ రేటులో కలిపి చూసుకోండి.

ఇంకో చిట్కా. చాలా కంపెనీలు మాన్యువల్‌ని నెట్‌లో ఉచితంగానే పెడతాయి. కొనకముందే దించుకుని, ఫిల్టర్ కటాఫ్ మార్చాలంటే ఎన్ని బటన్‌లు నొక్కాలో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే పర్వాలేదు. ఐదు దాటితే మీరు ఆ పని చేయరు, నేనూ చేయను.

మనవాడిని ఒక్కటే అడిగాను: "నీ లాప్‌టాప్‌లో పియానోలు, స్ట్రింగ్స్ ఇప్పటికే ఉన్నాయి కదా, అవే మళ్లీ కొంటావా?" కాసేపు మాట్లాడలేదు. ఇంకా ఏదీ కొనలేదు. ఇప్పుడు రెండు మాన్యువల్‌లూ ముందేసుకుని బటన్‌లు లెక్కపెడుతున్నాడు.