విక్టోరియా హాలుకు మళ్లీ ప్రాణం పోయగలిగేది నాటకమే

చెన్నైలోని విక్టోరియా పబ్లిక్ హాలు పాడుబడింది వయసు మీదపడి కాదు. నాటకం గడప దాటి బయటికి వెళ్లిన నాడే ఆ భవనం ప్రాణం పోయింది, ఆ నాటకాన్ని మళ్లీ లోపలికి పిలవకపోతే ఎన్ని కోట్లు పోసి సున్నం కొట్టించినా అది బతకదు. ఇది నా వాదన, దీనిమీద ఎవరితోనైనా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

చెన్నై కార్పొరేషన్ 2023లో పునరుద్ధరణకు పూనుకున్నప్పటి నుంచి సాగుతున్న చర్చ మీకు తెలిసిందే. దశాబ్దాల పాటు తాళం పడివున్న ఆ హాలును మ్యూజియం చేయాలా, సభలకు అద్దెకు ఇవ్వాలా, నాటకశాలగా నిలపాలా అన్నదే ఆ చర్చ. అది చెన్నై వాళ్ల వ్యవహారం, మధ్యలో మనమెందుకు అని కొందరు తెలుగువాళ్లే అడుగుతున్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మనమెందుకో చెబుతాను. 1883 డిసెంబరు 17న ఆ హాలుకు శంకుస్థాపన చేసినది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. గురజాడను ఆదరించిన ఆ ప్రభువు ఊళ్లోనే 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగస్థలం ఎక్కింది. ఇక ధర్మవరం రామకృష్ణమాచార్యుల బళ్లారి బృందం మద్రాసు వచ్చి ఆడిన తెలుగు నాటకాలను చూసి ఉత్తేజం పొందిన పమ్మల్ సంబంధ ముదలియార్ అనే యువకుడు 1891లో సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి పెద్ద దిక్కుగా నిలిచిన ఆ సభకు 1902 నుంచి 1936 వరకు నెలవు ఈ హాలే. తమిళులు తమ నాటక చరిత్రలో గర్వంగా చెప్పుకునే అధ్యాయానికి తెలుగు నాటకం నాంది పలికిందంటే, అంతకంటే దగ్గరి బంధుత్వం ఇంకేం కావాలి?

అసలు విషయం ఇంకా ఉంది. మచిలీపట్నం నుంచి వచ్చి మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న రఘుపతి వెంకయ్య, ఆ స్టూడియోను తాకట్టు పెట్టి, తెరమీది బొమ్మకు గ్రామఫోను రికార్డు శబ్దాన్ని జతచేసే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించి, 1910లో ప్రదర్శన ఇచ్చింది ఈ విక్టోరియా హాల్లోనే. ఆ తరువాతే ఆయన ఆ యంత్రంతో రంగూన్ దాకా తిరిగాడు, మద్రాసులో గెయిటీ టాకీసు కట్టాడు. ఆయనను తెలుగు సినిమా పితామహుడు అంటాము, ఆయన పేరిట అవార్డు పెట్టుకున్నాము, కానీ ఆయన యంత్రం తిరిగిన గది ఏ స్థితిలో ఉందో మన సినిమా పరిశ్రమలో ఎంతమంది పట్టించుకున్నారు?

ఇప్పుడు నా వాదనకు వస్తాను. సుగుణ విలాస సభ 1936లో మౌంట్ రోడ్డులోని సొంత భవనానికి తరలిపోయింది. అప్పటి నుంచి ఈ హాలు క్రమంగా ఒక స్థలంగా, అంటే రైల్వే స్టేషను పక్కన ఉన్న ఖరీదైన భూమిగా మాత్రమే లెక్కకు వచ్చింది. హాలు ఉన్న స్థలానికి 1886లో మొదలైన 99 ఏళ్ల లీజు 1985లో ముగిసింది, ఆపైన నడిచినదంతా ఆ స్థలం ఎవరి చేతిలో ఉండాలన్న తగాదాయే తప్ప అందులో ఏం ఆడాలన్న ఆలోచన కాదు. అదే 1985లో పక్కనే ఉన్న మూర్ మార్కెట్ అగ్నికి ఆహుతై, ఆ చోట రైల్వే భవనం లేచిందని గుర్తుంచుకుంటే, ఈ హాలు మిగలడమే అదృష్టమనిపిస్తుంది.

విజయవాడ నుంచి పినాకినిలో వెళ్లి సెంట్రల్ స్టేషనులో దిగేవాళ్లు బయటికి వచ్చి కుడివైపు చూడండి. తెల్లని రిప్పన్ బిల్డింగుకు ఇవతల, ముదురు ఎర్రని ఇటుకల గోడలు, వరుస కమానులు, ఒక పక్కన కేరళ గుడి కప్పులాంటి టోపీ పెట్టుకున్న బురుజు కనిపిస్తాయి. రాబర్ట్ చిజమ్ గీసిన నమూనాకు నంబెరుమాళ్ చెట్టి కట్టిన పని అది. పై అంతస్తులో ప్రేక్షకుల కోసం చెక్క గ్యాలరీ కూడా కట్టారు. జనం కూర్చుని చూడడానికి కట్టిన ఇంటిని జనం నిలబడి చూసి వెళ్లిపోయే వస్తువుగా మార్చడాన్ని నేను ఒప్పుకోలేను.

మ్యూజియం వద్దనడం లేదు, కింది అంతస్తులో ఒక మూల పెట్టుకోవచ్చు, అందులో వెంకయ్య పేరు, ఆనంద గజపతి పేరు తెలుగు లిపిలో కూడా ఉండాలి. పై హాలు మాత్రం నాటకానిదే. కార్పొరేట్ సమావేశాలకు పెట్టే అద్దెను నాటక సమాజాలకు పెడితే సురభివంటి సంస్థలు ఆ మెట్లు ఎక్కలేవు కనుక, నెలలో కొన్ని సాయంత్రాలను కరెంటు ఖర్చుకు సరిపడే అద్దెతో అన్ని భాషల నాటకాలకు కేటాయిస్తున్నట్టు కార్పొరేషన్ రాతపూర్వకంగా ప్రకటించాలి. చెన్నైలోని తెలుగు సంఘాలు ఈ కోరికతో మేయరుకు వినతిపత్రం ఇవ్వాలి. ఆ సంఘాల్లో ఉన్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే ఈ విషయాన్ని చర్చకు పెట్టండి.