మొదటి టెలిస్కోప్ కొనే ముందు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, పిల్లల్ని మరీ ముందుకి పంపించండి.

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక రిఫ్లెక్టర్ టెలిస్కోప్, అంటే లోపల అద్దంతో వెలుతురు పోగుచేసే రకం, కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని, పక్కనే శనిగ్రహం రంగుల ఫొటో. సీతమ్మధారలో మా మేడ మీదకి మోసుకెళ్ళి చంద్రుడి వైపు తిప్పాను. సముద్రం గాలికి స్టాండు సన్నగా వణుకుతోంది, చంద్రుడు అలా కనపడి ఇలా జారిపోతున్నాడు, సరిచేసి స్క్రూ బిగిస్తే ఆ బిగింపుకే గొట్టం ఇంకో పక్కకి తిరిగిపోతోంది. గంటసేపు ఓపిక పట్టి "నాన్నా, నిద్రొస్తోంది" అని పిల్ల కిందకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే, మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇవాళ వచ్చాను.

ఆ 525 లెక్క చూడండి. ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటి దాకా దూరం, 700 మిల్లీమీటర్లు, ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే లెన్స్, 4 మిల్లీమీటర్లది, భాగిస్తే 175, దానికి బొమ్మని ఇంకా మూడు రెట్లు పెంచే బార్లో లెన్స్ తగిలిస్తే 525. లెక్కలో తప్పు లేదు. కానీ అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతల వరకే పెంచుకోవచ్చు, నాది 76 కాబట్టి 150 దగ్గర ఆగిపోవాలి, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. ఆపైన మసకే పెద్దదవుతుంది. కాబట్టి షాపులో ఎన్ని రెట్లు అని అడగకండి, అద్దం ఎంత అని అడగండి. 76 అద్దం కంటే 150 అద్దం దాదాపు నాలుగు రెట్ల వెలుతురు పడుతుంది, మన వైజాగ్‌లో పోర్టు లైట్లు, స్టీల్‌ప్లాంటు వైపు ఆకాశం ఎర్రదనం ఇవన్నీ దాటుకుని చూడాలంటే ఆ వెలుతురే దిక్కు.

అద్దం తర్వాత స్టాండు. నా మాట వింటే డాబ్సోనియన్ తీసుకోండి. పేరే కొత్త, వస్తువు చాలా మామూలు: చెక్క పెట్టె, అందులో గొట్టం, పైకీ కిందకీ, పక్కలకీ చేత్తో తోయడమే. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత ఆశ్రమంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసి. మన ఆర్కే బీచ్ పేరులో ఉన్న రామకృష్ణుడే ఆయనకీ గురుపరంపర, నాకు ఆ సంగతి తెలిసినరోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చేతిలో డబ్బు లేదు, ఓడ కిటికీల గాజు తెచ్చి అద్దాలు అరగదీశాడు, అట్టగొట్టాలకి బిగించాడు, రోడ్డు పక్కన పెట్టి దారినపోయేవాళ్ళని పిలిచి చూపించాడు.

ఈక్వటోరియల్ స్టాండు, అంటే నక్షత్రాల వెంటే తిరిగేలా ఇరుసు వాలుగా ఉండేది, మంచిదని కొందరు అంటారు. ఫొటోలకి మంచిదే. కానీ ఆ ఇరుసుని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి, ఆ నక్షత్రం మనకి ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్క అపార్ట్‌మెంట్ ఒక్కటి అడ్డొస్తే చాలు కనపడదు. మొదటిరోజే ఆ టెన్షన్ ఎందుకు?

సైజు విషయంలో మీ మెట్లు చూసుకోండి. 200 అద్దం డాబ్సోనియన్‌లో గొట్టమే దాదాపు నాలుగడుగులు, లిఫ్టు మేడ దాకా రాకపోతే నాలుగోరోజు నుంచీ మూలన పడి ఉంటుంది. 130, 150 టేబుల్‌టాప్ రకాలు ఒక్క చేత్తో ఎత్తుకెళ్ళొచ్చు. గట్టి చెక్క బల్ల మీద పెట్టండి, ప్లాస్టిక్ స్టూలు ఊగుతుంది, పిట్టగోడ మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. ఇంకోటి, 114 అద్దం, 1000 ఫోకల్ లెంగ్త్ అని రాసుండి గొట్టం మూరెడే ఉంటే వదిలేయండి, లోపల అదనపు లెన్స్ ఇరికించి ఉంటుంది, అద్దాలు సరిచేసుకోవడం కొత్తవాళ్ళ వల్ల కాదు.

ఇక మన ఊరి అసలు శత్రువు ఉప్పుగాలి. అద్దం ముందువైపు పలచటి అల్యూమినియం పూత ఉంటుంది, నిర్లక్ష్యం చేస్తే దాని మీద ఆవగింజంత చుక్కలు లేస్తాయి, అవి ఇక పోవు. చూడటం అయ్యాక మంచు ఆరనివ్వండి, తర్వాత రెండు మూతలూ పెట్టి తేమ పీల్చే సిలికాజెల్ సంచులు దగ్గర పెట్టి కప్పి ఉంచండి. గుడ్డతో తుడవొద్దు. దుమ్ము కొంచెం ఉన్నా బొమ్మకి ఏమీ కాదు, మరీ పేరుకుంటే డిస్టిల్డ్ వాటర్ పోసి కడగండి.

సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల ఫిల్టరు డబ్బాలో వస్తే ఇవాళే పారేయండి, అది వేడికి పగిలితే కన్ను పోతుంది.

సముద్రం మనకి మేలు కూడా చేస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన నీళ్ళ మీద ఒమేగా సెంటారీ 25 డిగ్రీల దాకా లేస్తుంది, లక్షల నక్షత్రాల ముద్ద, 150 అద్దంలో పంచదార ఒలికినట్టు ఉంటుంది. ఢిల్లీవాళ్ళకి అది 14 డిగ్రీల దాకానే లేస్తుంది.

ఇప్పుడు మేడ మీదకి వెళ్దాం. నా 150 అరగంట ముందే బయట పెట్టాను, అద్దం చల్లబడాలి కదా. ఓరియన్ నక్షత్రమండలంలో బెల్టులా వరసగా ఉండే మూడు చుక్కల కింద నెబ్యులాకి, అంటే వాయువు, ధూళి మేఘానికి, గురిపెట్టి ఉంది, 25 ఐపీస్ వేశాను. పిల్లలు ముందు. గొట్టం పట్టుకోకండి, కన్ను మాత్రం దగ్గర పెట్టండి, మొదట బూడిదరంగు మబ్బులా ఉంటుంది, ఒక నిమిషం అలాగే చూస్తూ ఉండండి.