మందారం ఎర్రటి ముద్దలా వస్తోందమ్మా

(ఆదివారం ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. అంశం: కొత్త కెమెరాతో పూలు, ప్రకృతి ఫొటోలు. స్టూడియోలో అతిథి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు, చాలా ఏళ్లుగా పూల ఫొటోలు తీస్తున్నారు.)

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. వానలు బాగా పడ్డాయి, ఎటు చూసినా పచ్చగా ఉంది. ఇంకొన్నాళ్లలో తంగేళ్లు విరగబూస్తాయి. కొత్తగా కెమెరా కొనుక్కున్నవాళ్లు, పిల్లలు కొనిపెడితే వాడటం తెలియక బీరువాలో దాచినవాళ్లు ఈ గంటసేపు మాకు ఫోన్ చేయవచ్చు. మేడమ్, అప్పుడే లైన్లు నిండిపోయాయి. నేరుగా మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడినుంచండీ?

శ్రోత: నమస్కారమండీ, రాజమండ్రి నుంచి. రిటైర్డ్ టీచర్ని.

యాంకర్: మాస్టారూ, మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గిస్తారా? ఇక్కడ మాకు మారుమోగుతోంది.

శ్రోత: తగ్గించానండి. అమ్మా, మా అబ్బాయి బెంగళూరు నుంచి కెమెరా పంపించాడు. మిర్రర్‌లెస్ అంటారట. దాంతోపాటే వచ్చిన లెన్స్ మీద 18-55 అని ఉంది. మా మేడ మీద నలభై కుండీలున్నాయి, సగం కడియం నర్సరీల్లో తెచ్చుకున్నవే. నాకు రెండు ఇబ్బందులు. పువ్వు దగ్గరికి వెళ్లి బటన్ నొక్కితే ఫొటో పడదు. కెమెరా పాడైందేమోనని రెండు రోజులుగా ఒకటే టెన్షన్. రెండోది, ఎర్ర మందారం తీస్తే ఎర్రటి ముద్దలా వస్తోంది. రేకుల మీద గీతలు లేవు, మడతలు లేవు. పక్కన ఆకులు మాత్రం చక్కగా వస్తున్నాయి.

అతిథి: మీ కెమెరా నిక్షేపంగా ఉంది మాస్టారూ, అబ్బాయికి ఫోన్ చేసి కంగారు పెట్టకండి. ప్రతి లెన్సుకూ ఇంతకంటే దగ్గరికి రాకూడదు అనే హద్దు ఒకటుంటుంది. మీలాంటి కిట్ లెన్సుల్లో, అంటే కెమెరాతోపాటే ఇచ్చే లెన్సుల్లో, చాలావాటికి అది సుమారు 25 సెంటీమీటర్లు, మన లెక్కలో జానెడు పైన. ఆ దూరాన్ని లెన్స్ అంచు నుంచి కొలవరు. కెమెరా పైన ఒక చిన్న సున్నా, దాన్ని కోస్తూ ఒక అడ్డగీత కనబడుతుంది చూడండి. లోపల సెన్సర్, అంటే వెలుతురును పట్టే పలక, ఉండేది అక్కడ. కొలత అక్కడినుంచే. లెన్స్ పొడవు అందులోనే పోతుంది కాబట్టి పువ్వుకూ లెన్స్ అద్దానికీ మధ్య జానెడు కన్నా తక్కువే మిగులుతుంది. అంతకన్నా ముందుకు వెళ్తే ఫోకస్ కుదరదు, ఫోకస్ కుదరకపోతే కెమెరా ఫొటో తీయదు. జూమ్ 55 దాకా తిప్పి, పువ్వు దగ్గరికి వెళ్లి, బటన్ సగం నొక్కి ఉంచి మెల్లగా వెనక్కి రండి. తెర మీద గడి ఆకుపచ్చగా మారిన చోట ఆగండి. మీ లెన్స్ వెళ్లగలిగిన అతి దగ్గర అదే.

శ్రోత: జానెడు పైన. సరేనమ్మా. మరి మందారం?

అతిథి: మీరు చెప్పింది వినగానే నా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. మా పెరట్లో రెక్క మందారం ఎన్నిసార్లు తీసినా అలాగే వచ్చేది. లెన్స్ మంచిది కాదేమో అనుకుని అప్పు చేసి ఇంకొకటి కొన్నాను. దాంతోనూ అదే ఎర్రటి ముద్ద. తప్పు లెన్సుది కాదు. కెమెరా మూడు రంగుల్లోనే చూస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూడు గ్లాసులు పెట్టి వెలుతురు పోస్తున్నామనుకోండి. మందారం మీద ఎండ పడితే ఎరుపు గ్లాసు నిండి పొర్లిపోతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. కెమెరా మూడింటినీ కలిపి అంచనా వేసి, వెలుతురు ఇంకా సరిపోలేదని మరికాస్త పోస్తుంది. పొర్లిపోయిన గ్లాసులో ఎక్కువ తక్కువలు తెలియవు కదా, అందుకే గీతలు మాయమవుతాయి.

శ్రోత: ఓహో! మరి నేనేం చేయాలి?

అతిథి: మీ కెమెరాలో ప్లస్, మైనస్ కలిసి ఉన్న గుర్తు ఒకటుంది, ఫొటోలో వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ. ఫుల్ ఆటోలో అది చాలా కెమెరాల్లో పనిచేయదు, అందుకని డయల్‌ని పీ మీదికి తిప్పి దాన్ని మైనస్ 1 దగ్గర పెట్టండి. ఫొటో తీశాక డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ వస్తుంది, ఎడమవైపు చీకటి, కుడివైపు వెలుతురు. తెల్లటి గ్రాఫ్ ఒక్కటే చూస్తే మోసపోతాం, మూడు రంగులూ విడివిడిగా చూపించే తెర దాకా వెళ్లండి. ఎర్ర గుట్ట కుడివైపు గోడకు ఆనుకుని కోసేసినట్టుంటే ఇంకొంచెం మైనస్ చేయాలి. కలర్ సెట్టింగ్ రంగుల్ని ముదిరించే వివిడ్‌లో ఉంటే తీసేసి న్యూట్రల్‌లో పెట్టండి. వీటన్నిటికన్నా ముందు, ఎండలో తీయకండి. ఎండ తప్పదంటే అమ్మగారిని ఉతికిన తెల్ల పంచె ఒక్క పొరగా పువ్వుకు పైన పట్టుకోమనండి.

ఇంకొక్క మాట, మందారం దగ్గర ఆగాను కాబట్టి. దాని మధ్యలోంచి ముందుకు ఒక కాడ పొడుచుకొస్తుంది కదా. ఎదురుగా నిలబడి తీస్తే కాడ కొస కెమెరాకు దగ్గర, రేకులు దూరం. ఒకటి స్పష్టంగా వస్తే రెండోది మసక. అంత దగ్గర్నుంచి ఫోకస్ అందేది కొద్ది మిల్లీమీటర్ల మందమే. పువ్వుకు పక్కగా వచ్చి, కాడ కెమెరాకు అడ్డంగా పడుకున్నట్టు కనిపించే చోట నిలబడండి. అప్పుడు మొదలు నుంచి కొస దాకా కాడంతా ఒకే దూరంలో ఉంటుంది. సన్నటి పోగుల చివర పసుపు గింజల్లా అంటుకుని ఉండే పుప్పొడి, ఆ కొసన విడివిడిగా అయిదు చిన్న బుడిపెలు, అన్నీ ఒకేసారి దొరుకుతాయి. డయల్‌లో ఏ అని గానీ ఏవీ అని గానీ ఉన్న మోడ్‌కి వెళ్లి ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 పెట్టండి, లెన్స్ రంధ్రం చిన్నదై ఫోకస్ అందే మందం పెరుగుతుంది. చెట్టు మీద ఉన్న పువ్వుతోనే తీయండి మాస్టారూ, కోయకండి.

శ్రోత: అయ్యో, కోయనమ్మా. దేవుడికి కూడా కింద రాలినవే పెడతాను. మరి నందివర్ధనం? అది మాసిన గుడ్డలా బూడిదరంగులో వస్తుంది.

అతిథి: దానికి సరిగ్గా ఎదురు మందు. తెల్ల పువ్వు తెరంతా నిండితే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మీరు ప్లస్ 1 దాకా పెంచండి.

యాంకర్: మాస్టారూ, ధన్యవాదాలు. తర్వాతి కాల్. హలో?

శ్రోత: నమస్తే అక్కా. సిద్దిపేట దగ్గర మా ఊరు, డిగ్రీ చదువుతున్నాను. మా మామయ్య తన డీఎస్ఎల్ఆర్ కెమెరా ఇచ్చాడు. మా చెరువుకట్ట మీద తంగేడు ఇప్పుడిప్పుడే పూస్తోంది. బతుకమ్మకు ముందే ఫొటోలు తీసిపెట్టుకోవాలని వెళ్తున్నా. అన్నీ ఊగినట్టు వస్తున్నాయి. నా చేతులే వణుకుతున్నాయా, గాలికా, అర్థం కావడం లేదు.

అతిథి: మంచి ప్రశ్న తల్లీ, చాలామంది ఇది అడగకుండానే ట్రైపాడ్ కొనేస్తారు. నీ ఫొటోలో తంగేడు పక్కన, అంతే దూరంలో రాయి గానీ ఎండు మోడు గానీ ఉందా?

శ్రోత: ఉంది అక్కా, చిన్న బండ.

అతిథి: బండ ఎలా ఉంది?

శ్రోత: బండ… బండ మంచిగానే ఉంది.

అతిథి: అయితే నీ చేతులు బాగానే ఉన్నాయి. బండ కూడా ఊగితే చేతులది తప్పు, బండ నిలబడి పువ్వు ఒక్కటే ఊగితే గాలి. దీనికి ట్రైపాడ్ ఏం చేస్తుంది చెప్పు, పువ్వును పట్టుకోలేదు కదా. షట్టర్ వేగం పెంచాలి. ఎస్ లేదా టీవీ అని ఉన్న మోడ్‌లో 500 పెట్టు, అంటే సెకనులో 500వ వంతు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటోను ప్రకాశవంతం చేసే సెట్టింగ్, 800కు పెంచు. కాస్త గరుకుదనం వస్తుంది, రానీ. గరుకుగా ఉన్నా స్పష్టంగా వచ్చిన పువ్వు మేలు. కట్ట మీద సూర్యోదయం వేళ గాలి తక్కువ, ఎనిమిది దాటితే లేస్తుంది. అది కూడా ఆగి ఆగి వీస్తుంది. కొమ్మ ఒకవైపు వంగి వెనక్కి వచ్చేటప్పుడు చివర్లో ఒక్క క్షణం నిలబడుతుంది, అప్పుడు నాలుగైదు వరసగా కొట్టు.

శ్రోత: సరే అక్కా. దాని మీద నల్లటి పెద్ద తుమ్మెద వాలుతుంది. తీసేలోపే పోతుంది.

అతిథి: దాన్ని తరమకు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, అది వచ్చేది పుప్పొడి కోసం. పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లంతా జుమ్మని అదిరిస్తుంది, ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. చెవి పెట్టి విను, ఎగిరేటప్పటి చప్పుడు వేరు, పువ్వు మీది చప్పుడు వేరు. ఒక గుత్తి చూసుకుని ముందే ఫోకస్ చేసి అక్కడే కూర్చో. ఈ గుత్తి నుంచి ఆ గుత్తికి తిరుగుతూ నీ దగ్గరికీ వస్తుంది. ఆకులు తిరగేసి కూడా చూడు, లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు తంగేడు ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఊళ్లో అందరూ కోసుకెళ్లే పువ్వు మీద ఇంత కాపురం నడుస్తోందని నీ ఫొటోలు చూసినవాళ్లకు తెలియాలి. నాకు అది చాలా ఇష్టమైన పని.

శ్రోత: థాంక్యూ అక్కా. రేపు పొద్దున్నే పోతా.

యాంకర్: తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఇంకో కాల్. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నెల్లూరు నుంచండీ. మా బ్రహ్మకమలం మూడు మొగ్గలేసింది, ఇయ్యాలో రేపో విచ్చుకుంటుంది. పోయినసారి ఫ్లాష్ వేసి తీస్తే కాగితం పువ్వులా వచ్చింది.

అతిథి: ఫ్లాష్ ఆపేయండమ్మా. ఎదురుగా కొట్టే వెలుతురుకు నీడలుండవు, నీడ లేనిదే రేకు పల్చదనం తెలియదు. స్టూలు మీద బియ్యం పోసిన చిన్న సంచి వేసి కెమెరాను అందులో కుదురుగా కూర్చోబెట్టండి. ఐఎస్ఓ 200, షట్టర్ రెండు మూడు సెకన్లు, సెల్ఫ్ టైమర్ రెండు సెకన్లు. మీ వేలి అదురు కూడా ఉండకూడదు. ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి. సెల్‌ఫోన్ టార్చికి తెల్ల చేతిరుమాలు కప్పి, పువ్వుకు పక్కనుంచి, కాస్త వెనకనుంచి వెలుతురు పడనివ్వండి. రేకులు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. రాత్రి ఎనిమిదికే అన్నీ సర్దుకుని, కెమెరా కదపకుండా పావుగంటకొకటి తీయండి. తెల్లారేసరికి వాడిపోతుంది కాబట్టి ఆ రాత్రి నిద్ర వదులుకోవాల్సిందే. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరే మొక్క, మన కుండీల్లోది బ్రహ్మజెముడు జాతిది. అయినా దీని అందం దీనిదే.

యాంకర్: ఇంకో ఫోన్, విశాఖపట్నం నుంచి.

శ్రోత: మేడమ్, నవంబరులో అరకు వెళ్తున్నాం, వలిసె పూల కోసం. అతి దగ్గర్నుంచి తీసే మ్యాక్రో లెన్స్ కొనమంటారా?

అతిథి: ఇప్పుడు కొనకండి. వలిసె తోట అందం ఒక్క పువ్వులో కన్నా కొండ వాలంతా పసుపు పరుచుకోవడంలో ఉంది, దానికి ఉన్న లెన్సే చాలు. దగ్గరగా తీసే సరదా నిలబడితే, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో మొదలుపెట్టండి, చాలా తక్కువలో వస్తాయి. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. వలిసె అలంకారానికి వేసిన తోట కాదండీ, నూనెగింజల పంట. ఫొటో కోసం మధ్యలోకి దిగితే మీ వెనక కాలిబాట పడుతుంది, మీ తర్వాత వచ్చినవాళ్లు దాన్ని రోడ్డు చేస్తారు. గట్టు మీద నిలబడండి, రైతు కనిపిస్తే అడగండి. ఇక మీది సముద్రం ఊరు, ఇంటికొచ్చాక కెమెరాను బ్యాగులో మూసి పెట్టకండి. తేమకు లెన్స్ లోపల బూజు పడుతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి.

యాంకర్: మేడమ్, రాజమండ్రి మాస్టారు మళ్లీ లైన్లో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత: మేడ మీది నుంచే మాట్లాడుతున్నానమ్మా. మైనస్ 1 పెట్టాను. రేకు మీద నరాల్లాంటి గీతలు కనబడుతున్నాయి! కానీ వెనక ఆకులు నల్లబడిపోయాయి. అది తప్పేనా?

అతిథి: తప్పు కాదు మాస్టారూ, పువ్వును కాపాడుకుంటే ఆకులు కొంత చీకట్లోకి వెళ్తాయి. మరీ నల్లగా అనిపిస్తే తెల్ల థర్మకోల్ ముక్కను కింద పక్కన ఆనించండి, వెలుతురు ఎగిరి ఆకుల మీద పడుతుంది. ఇప్పుడు పువ్వు మీద ఎండ ఉందా?

శ్రోత: ఇంకా రాలేదమ్మా. పిట్టగోడ నీడలో ఉంది.

అతిథి: అయితే మాతో మాట్లాడుతూ నిలబడకండి. ఇంకో పావుగంటలో ఆ నీడ జరిగిపోతుంది. ఫోన్ పెట్టేసి పక్కకు వచ్చి ఆ కాడ తీయండి.