విడాకుల తీర్పుపై సంతకం పడేలోపు: అమెరికాలో హెచ్‌4 వీసా మీద ఉన్నవారికి

[తెర మీద: వంటింటి బల్ల. దాని మీద నీలం ఫైలు, పాస్‌పోర్టు, మోగుతున్న ఫోను.]

"గడప దాటావంటే రేపే నీ వీసా రద్దు చేయిస్తాను." డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన అమ్మాయిలు కొందరికి ఈ బెదిరింపు కొత్త కాదు. ఒక్క ఫోను చేసి మీ హోదాను తీసేయించే అధికారం భర్తకు లేదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది.

హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేసేవారి భార్యకు లేదా భర్తకు ఇచ్చేది హెచ్‌4. అది రెండింటి మీద నిలబడుతుంది: అవతలివారి హెచ్‌1బీ, మీ పెళ్లి. మీరు అక్క ఇంటికి వెళ్లిపోయినా, కోర్టులో విడాకుల కేసు నడుస్తున్నా, చట్టం దృష్టిలో పెళ్లి ఇంకా ఉన్నట్టే. తుది తీర్పు వెలువడిన రోజే హెచ్‌4కు ఆధారం పోతుంది.

అరవై రోజుల గడువు ఉంటుంది కదా అంటారు. అది హెచ్‌1బీ ఉద్యోగం పోయినప్పుడు ఆ కుటుంబానికి దొరికే వెసులుబాటు. విడాకులకు వర్తించదు.

[తెర మీద: క్యాలెండరు పేజీలు తిరుగుతుంటాయి.]

కాబట్టి మీ చేతిలో ఉన్నది తీర్పుకు ముందున్న కాలమే. టెక్సాస్‌లో కేసు వేశాక సాధారణంగా కనీసం 60 రోజులు ఆగాలి. కాలిఫోర్నియాలో ఎదుటిపక్షానికి నోటీసు అందాక కనీసం 6 నెలలు. విడాకుల లాయరు కేసును చకచకా ముగించానని సంబరపడొచ్చు. ఆ తొందరే మీ కొంప ముంచవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఆయన మాట్లాడేలా చూడండి.

ముందు ఫైలు తెరవండి. పాస్‌పోర్టులోని వీసా ముద్ర దేశంలోకి రావడానికి మాత్రమే. ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రాకపోకల పత్రం. ఇటీవల హెచ్‌4 పొడిగించి ఉంటే కొత్త ఐ-94 ఆమోదపత్రం అడుగునే ఉంటుంది. కాగితాలన్నీ భర్త దగ్గరే ఉంటే, సరిహద్దు వద్ద ఇచ్చిన ఐ-94ను పాస్‌పోర్టు వివరాలతో ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే తీసుకోవచ్చు.

ఇక దారులు. చదువుకోవాలనుకుంటే కాలేజీ నుంచి ఐ-20 అనే ప్రవేశ పత్రం తెచ్చుకుని, తీర్పుకు ముందే ఎఫ్‌1 (విద్యార్థి హోదా)కు మార్పు కోరుతూ ఐ-539 అనే దరఖాస్తు దాఖలు చేయాలి. సర్దుకోవడానికి కొద్ది నెలలు చాలనుకుంటే బీ2 (సందర్శకుల హోదా) అడగవచ్చు, అందులో పని చేయకూడదు. గత ఆరేళ్లలో మీకే హెచ్‌1బీ ఉండి, గడువు మిగిలి ఉంటే మళ్లీ లాటరీ అక్కర్లేదు. హెచ్‌4 మీద గడిపిన కాలం హెచ్‌1బీకి ఉండే ఆరేళ్ల పరిమితిలోకి రాదు కూడా. ఈ సంగతి తెలియక ఉద్యోగ ప్రయత్నమే చేయనివారున్నారు.

గ్రీన్‌కార్డు చేతికి వచ్చి ఉంటే విడాకులతో అది పోదు. భర్త ఉద్యోగం ద్వారా వేసిన దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే మాత్రం, తీర్పుతో మీ భాగం ఆగిపోతుంది. మన దేశంవారు ఏళ్లకేళ్లు ఆ వరుసలోనే ఉంటారు గనుక దెబ్బ ఎక్కువ తగిలేది ఇక్కడే.

[తెర మీద: గృహహింస సహాయవాణి నంబరు 1-800-799-7233]

ఇంట్లో హింస ఉంటే సంగతి వేరు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే, ఆయనకు తెలియకుండానే గ్రీన్‌కార్డు కోసం మీరు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. హెచ్‌1బీ భర్త అయితే ఆ దారి లేదు. అయితే హింసకు గురైన హెచ్‌4 భార్యలు ఐ-765వీ అనే దరఖాస్తు ద్వారా పని అనుమతి అడగవచ్చు. అది పని చేసుకోనిస్తుంది గానీ, కొత్త హోదా ఇవ్వదు. పోలీసులకు సహకరించిన బాధితులకు యూ వీసా ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే కావడంతో ఎదురుచూపు చాలా ఎక్కువ.

[తెర మీద: రెండు దేశాల పటాలు పక్కపక్కనే.]

చివరిగా మన ఊరి మెలిక ఒకటి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టు ఇచ్చిన విడాకులు మన దేశంలో చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, అక్కడ చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. అంటే అక్కడి తీర్పుతో మీ హెచ్‌4 పోవచ్చు, మన దేశంలో పెళ్లి మాత్రం అలాగే మిగిలిపోవచ్చు. మళ్లీ పెళ్లి ఆలోచన ఉంటే, ఆ తీర్పు నకలును మన దేశంలోని లాయరుకు కూడా చూపించండి.